చిన్న ఊపిరికే రాయి

ఇటలీలోని ఆ కొండ ఊరికి ఎక్కే బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇచ్చారు. నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, ఆ లోయ అడుగున చెరువు. దాన్ని సరస్సు అనాలని నాకూ తెలుసు, ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. కానీ మా ఇబ్రహీంపట్నం వాళ్లకు నిలిచిన నీళ్లు ఎంత పెద్దవైనా చెరువే. మలుపు మలుపుకూ బస్సు ముక్కు నీళ్ల మీదికి వంగినట్టనిపించి మళ్లీ కొండవైపు తిరిగేది. హైదరాబాదు నుంచి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన సిస్టర్ నిర్మల అనే పడుచుపిల్ల పక్కనే కూర్చుని, "ఒక్కసారి చూడు పెద్దమ్మా, ఎంత మంచిగుందో" అంటూనే ఉంది. "చూసిన బిడ్డా, మస్తుంది" అని కళ్లు తెరవకుండానే చెప్పాను. ఇటలీ దేశంలో నేనాడిన మొదటి అబద్ధం అది. అబద్ధాలు నాకు చిన్నప్పటి నుంచీ సులువుగానే వస్తాయి. రాయబోయేదంతా అలాంటి ఒక అబద్ధం గురించే.

ఆ ఊరి పేరు పలకడం చివరి రోజు వరకూ నా నోటికి పట్టలేదు, అందుకని రాయడం లేదు. అరచేతంత ఊరు. ఇళ్లన్నీ రాతివి, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు కొండకు అంటుకుని ఉన్నాయి. వీధులు లేవు, మెట్లున్నాయి. రొట్టెల దుకాణానికి పోవాలన్నా మెట్లే, చర్చికి పోవాలన్నా మెట్లే. మధ్యాహ్నం అయ్యేసరికి కిటికీ తలుపులన్నీ మూసుకుని ఊరంతా పడుకునేది. పిల్లలు కనపడరు. ముసలివాళ్లు గోడల నీడన కుర్చీలు వేసుకుని, వచ్చేపోయేవాళ్లను లెక్కపెడుతున్నట్టు చూస్తుంటారు. ఆ ఊరి పై అంచున, కన్యాస్త్రీలు నడిపే వృద్ధాశ్రమంలో మా మార్తక్క ఉంటుంది. నాకంటే ఏడేళ్లు పెద్దది. పద్దెనిమిదేళ్లకు మఠంలో చేరింది, ఇరవై అయిదు దాటీదాటకముందే ఇటలీ పంపించారు. అప్పటి నుంచి అక్కడి ముసలివాళ్ల పడకలు సర్దుతూ, గంజి తాగిస్తూ, చివరికి తనే ముసలిదైంది. ముందటి చలికాలంలో వంటింట్లో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయిందట. "మీరు రావాలనుకుంటే ఇప్పుడే రండి" అని అక్కడి పెద్ద సిస్టరు ఫోను చేయించింది. ఆ మాట విన్న రోజు నుంచి నా గుండె కుదుటపడలేదు. అక్క పోతుందేమోనన్న భయం ఒకటి. ఆమెను ఒక మాట అడగకుండానే పోతుందేమోనన్న భయం ఇంకొకటి. నిజం చెప్పాలంటే రెండోదే పెద్దది.

నా పెట్టెలో అక్క అడిగిన ఎల్లిగడ్డ కారం, చింతపండు, సకినాలతోపాటు ఒక రాయి కూడా ఉంది. పిడికిలిలో సరిపోయే నల్లరాయి, ఒక పక్క అరిగి నున్నగా ఉంటుంది. మా పాత ఇల్లు విప్పుతున్నప్పుడు పొయ్యి పక్క గూట్లో దొరికింది. హైదరాబాదు విమానాశ్రయంలో పెట్టె తెరిపించి, "ఏంటమ్మా ఇది, దేవుడా?" అని అడిగాడు అక్కడి మనిషి. ఎల్లిగడ్డలు దంచే రాయి అని చెప్పాను. నవ్వి వదిలేశాడు. అదీ నిజమే, సగం నిజం. ఆశ్రమంలో అక్క గదిలో పెట్టె విప్పినప్పుడు ఆమె కారం డబ్బా వాసన చూసి కళ్లు మూసుకుంది, సకినం ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. తర్వాత రాయి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నేను ఊపిరి బిగబట్టి ఆమె మొహంలోకి చూస్తున్నాను. "గింత దూరం రాళ్లు మోసుకొచ్చినవా? ఈడ రాళ్లకు కరువొచ్చిందా?" అని కిటికీలో పెట్టేసింది. అడగాలనుకున్న మాట నా నాలుక చివర దాకా వచ్చి ఎండిపోయింది.

ఆ రాయి సంగతి చెప్పాలంటే మా నాయిన సంగతి చెప్పాలి. నాయిన మా ఊరి నీరటికాడు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు ఎగువన మాదొక చిన్న చెరువు, దాని కింద పొలాలకు నీళ్లు వదిలే పని మా ఇంటిది. చర్చి పుస్తకంలో ఆయన పేరు యోహాను. కట్ట మీద మాత్రం బాలయ్యే. ఆదివారం పొద్దున ప్రార్థనకు పోయేవాడు, మిగతా ఆరు రోజులు కట్ట మైసమ్మకు దండం పెట్టేవాడు. "ఒక్కలు పైన చూసుకుంటరు, ఒక్కలు నీళ్లల్ల చూసుకుంటరు, మనకేం తక్వ" అనేవాడు. నీళ్లలోకి దిగే రోజు పొద్దున ఏమీ తినడు. అమ్మ ఆముదం వేడిచేసి గిన్నెలో పెడితే ఒళ్లంతా పట్టించుకుంటాడు. ఆ ఆముదం వాసన, దానికింద బీడీ వాసన, ఆ రెంటికింద చెరువు బురద వాసన. ఆ మూడూ కలిసి ఇంట్లోకి వచ్చాయంటే నాయిన పక్కకు ఎవరూ పోయేవాళ్లం కాదు. అమ్మ కూడా ఆ పొద్దు గట్టిగా మాట్లాడేది కాదు. భయమేస్తుందని ఆమె ఎన్నడూ అనలేదు, కానీ పొయ్యి మీద ఏదో ఒకటి మాడబెట్టేది.

చెరువు నిండితే తూము రెండు నిలువుల లోతున ఉంటుంది. కట్టకు కొంచెం లోపల నీళ్లలో రెండు రాతి స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒక బండ. ఆ బండ కింద అడుగున తూము కన్నం, దానికి గుడ్డలు చుట్టిన చెక్క బిరడా. నీళ్లు కావాలంటే ఒక మనిషి మునిగి ఆ బిరడా వదులు చేయాలి, చాలనుకుంటే మళ్లీ మునిగి బిగించాలి. కింద చీకటి, చల్లదనం, చేతులకు తగిలేదే కళ్లకు కనపడేది. నాయిన చెప్పేవాడు, అక్కడ భయపడాల్సింది నీళ్లకు కాదు, పనికి అని. పనిలో పడితే ఊపిరి సంగతి మరిచిపోతారు. ఇంకొంచెం తిప్పితే వస్తుంది, ఇంకొంచెం, అనుకుంటూనే ఉంటారు. మా తాత తండ్రి అట్లానే పోయాడు. అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పుట్టింది. మునిగిన మనిషితోపాటు పైన బండ మీద ఒకరు రాయి పట్టుకుని కూర్చుంటారు. ఆయన మునగ్గానే వాళ్లూ ఊపిరి బిగబట్టాలి. ఇక ఆపలేమనుకున్న క్షణాన స్తంభం మీద రాయితో మూడుసార్లు కొట్టాలి. నీళ్లలో ఆ చప్పుడు చెవి పక్కనే కొట్టినట్టు వినిపిస్తుంది. వినగానే పని ఎక్కడున్నా వదిలి పైకి రావాలి. పైన కూర్చునేది పిల్లలు, వాళ్ల ఊపిరి పెద్దవాళ్ల ఊపిరి కంటే చిన్నది. ఆ తేడాయే ప్రాణం. "రాయి ఎప్పటికీ ఇంట్ల చిన్న ఊపిరికే" అని మా నాయనమ్మ కొంగుకు ముడేసినట్టు చెప్పేది.

ఆ రాయి చాలా ఏళ్లు మార్తక్క చేతిలో ఉంది. కానీ అక్క ఊరుకునే రకం కాదు. ఆడపిల్ల అయినా ఈత నేర్చుకుంది, నాయినతో పోటీపడి మునిగేది, ఇంట్లో నీళ్లబిందె ముందు కూర్చుని మొహం ముంచి ఊపిరి ఆపేది. ఒకసారి నాయిన బిరడాతో కొట్లాడి పైకి వచ్చేసరికి పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. బండ మీద అక్క ఇంకా తాపీగా ఊపిరి పట్టుకునే ఉంది, కొట్టనే లేదు. ఆయనకు నలభై దాటింది, బీడీలు ఊపిరితిత్తులను తింటున్నాయి. అక్క ఊపిరి పెరిగింది, ఆయనది తరిగింది. ఆమెది ఆయనదాన్ని దాటిపోయిన సంగతి ఇద్దరూ చూసుకోలేదు. నాయిన కోప్పడలేదు. "నీ ఊపిరి పెద్దగయింది మార్తా. ఇగ రాయి చిన్నదానికియ్యి" అన్నాడు. చిన్నది అంటే నేను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. రాయి నా చేతికొచ్చిన రోజు నాకు జ్వరం వచ్చింది.

నాకు నీళ్లంటే భయం. నీళ్లకంటే ఆ బండ మీద కూర్చోవడం భయం. నాయిన తల మునిగి, నీళ్లు మూసుకుని, ఆ మీద ఏమీ జరగనట్టు అల లేచి సద్దుమణిగేది. భయంలో ఊపిరి నిలవదు కదా, నేను చప్పున కొట్టేసేదాన్ని. నాయిన బిరడా మీద చెయ్యి పెట్టీ పెట్టకముందే పైకి రావలసి వచ్చేది. మళ్లీ మునగడం, మళ్లీ కొట్టడం. పావుగంట పని పొద్దెక్కేదాకా సాగేది. కట్ట మీద నీళ్లకోసం నిలబడ్డ రైతులు నవ్వేవాళ్లు. "ఏమయ్య బాలయ్య, నీ బిడ్డ రాయి గొడ్తుందా, కంకులు గొడ్తుందా?" అన్నాడొకాయన. ఇంకొకాయన, "కోడిపిల్ల ఊపిరి రా దానిది, దానిమీద పొలం పారాల్నంటే మనం సంకురాత్రి దాంక నిలవడాలె" అన్నాడు. నాయిన కూడా నవ్వాడు. ఆయన నవ్వడమే నాకు కాలింది. మార్తక్క కొట్టకపోతే కోప్పడలేదు, నేను కొడితే నవ్వారు. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాత్రం చాలు.

ఆ తర్వాత వచ్చిన నీళ్ల రోజున నేను ఒక పని చేశాను. నాయిన మునగ్గానే అందరూ చూసేలా బుగ్గలు ఉబ్బించి ఊపిరి బిగబట్టాను. కాసేపటికి ముక్కుతో మెల్లగా పీల్చుకున్నాను. ఎవరికీ తెలియలేదు. బుగ్గలు ఉబ్బించే ఉంచాను. మళ్లీ పీల్చుకున్నాను. కట్ట మీద వాళ్లు, "అరె, చిన్నది మంచిగనే ఊపిరి పట్టింది ఇయ్యాల" అన్నారు. నాకు లోపల గర్వంగా ఉంది. అయితే ఊపిరి పీల్చుకుంటున్న మనిషికి ఎప్పుడు కొట్టాలో ఎలా తెలుస్తుంది? ఆ సంగతి నాకు తట్టలేదు. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు. నీళ్ల మీద బుడగలు వచ్చాయి, తర్వాత అవీ ఆగాయి. నా చేతిలో రాయి ఉంది. చెయ్యి లేవలేదు. అది గర్వం కాదు అప్పటికి, భయం. ఇప్పుడు కొడితే ఇంతసేపు ఎందుకు కొట్టలేదని అడుగుతారని భయం. ఇంత వయసు వచ్చాక కూడా ఆ క్షణం గుర్తొస్తే నా కుడిచెయ్యి మొద్దుబారుతుంది.

కట్టకు నీళ్లవైపు మెట్ల మీద మార్తక్క బట్టలు పిండుతోంది. చేతిలో చీరె వదిలేసి ఒక్క ఉరుకు ఉరికి నీళ్లలో దూకింది. ఎంతసేపటికో నాయినను జుట్టు పట్టుకుని పైకి తెచ్చింది. రైతులు ఇద్దరు దిగి కట్ట మీదికి లాగారు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఒత్తితే నోట్లోంచి నీళ్లు, బురద, ఒక ఆకు వచ్చాయి. కాలికి తుమ్మకంప చుట్టుకుని ఉంది. దగ్గి దగ్గి కళ్లు తెరిచి, మొదట అడిగింది నన్నే. "రాయి గొట్టినవా బిడ్డా?"

"కొట్టిన" అన్నాను.

"ఎన్నిసార్లు?"

"మస్తుసార్లు కొట్టిన. నీకే ఇనబడలే."

అబద్ధం ఆడాలని అనుకోలేదు. నోట్లోంచి దానంతట అదే వచ్చింది. నాయిన నన్ను కొంచెంసేపు చూశాడు. తర్వాత తడిచెయ్యి ఎత్తి తన చెవి ముట్టుకున్నాడు. "చెవులు పోయినయ్" అన్నాడు, అందరికీ వినిపించేలా. అక్క తడిబట్టల్లో వణుకుతూ నిలబడి నావైపు చూసింది. ఆమె ఏం చూసిందో, ఏం విన్నదో, ఏం వినలేదో, ఆ చూపులో నాకు అర్థం కాలేదు. ఆనాటి నుంచి ఆమెను అడగాలనుకున్న మాట అదే. మెట్ల మీద ఉన్నదానివి, రాయి చప్పుడు కాలేదని నీకు తెలుసా?

నాయిన మళ్లీ నీళ్లలోకి దిగలేదు. చెవులు పోయిన నీరటికాడు దిగకూడదని తనే ఊరికి చెప్పుకున్నాడు. పని దూరపు చుట్టాలింటికి పోయింది. హయత్‌నగర్‌లో ఒక డాక్టరుకు చూపించారు. ఆయన దీపం పెట్టి చూసి, గడియారం చెవి దగ్గర పెట్టి చూసి, నీ చెవులు నావాటికంటే బాగున్నాయయ్యా అన్నాడట. "పైన మంచిగనే ఉన్నయ్ సారూ, నీళ్లల్లనే పోయినయ్" అని నాయిన జవాబు. ఊరంతా ఆ మాట చెప్పుకుని నవ్వింది. నేను నవ్వలేదు. అమ్మ ఊరికే ఉంటుందా, వైద్యం మొదలుపెట్టింది. రోజూ దీపాలు పెట్టే వేళకు నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు దంచి, నువ్వుల నూనెలో కాచి, గోరువెచ్చగా చెవుల్లో పోయాలి. దంచడానికి పనికొచ్చిన రాయి ఏది? ఇంట్లో పని లేకుండా పడి ఉన్న రాయి అదొక్కటే. పోసే పని నాది. నాయిన నా ఒళ్లో తల పెట్టి పక్కకు తిరిగి పడుకునేవాడు. నేను దూదితో ఒక్కో చుక్క వదిలేదాన్ని. ఎల్లిగడ్డ వాసన ఇల్లంతా నిండేది. బాగున్న చెవిలో మందు పోస్తున్నానని నాకొక్కదానికే తెలుసు. చుక్క పడ్డప్పుడల్లా ఆయన కళ్లు మూసుకునేవాడు, నేను కళ్లు తెరిచి వాకిలివైపు చూసేదాన్ని, ఎవరో వచ్చి చెప్పేస్తారని. అలా ఒకటి రెండు నెలలు కాదు, నాకు పెళ్లయ్యేదాకా. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పోపులో ఎల్లిగడ్డ వేగుతుంటే నేను బయట గాలికి నిలబడతాను. మా కోడలు అది నాకు పడదనుకుంటుంది.

నాయిన పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆయన ఉన్నన్నాళ్లూ నిజం చెప్పలేదు. అక్క ఎన్నోసార్లు సెలవు మీద వచ్చింది. అడగలేదు. ఆమెకు తెలియదనుకున్న రాత్రి నిద్రపట్టేది, తెలుసనుకున్న రాత్రి పట్టేది కాదు. ఇప్పుడు ఆ చెరువుకు ఇనుప షట్టరు పెట్టారు, చక్రం తిప్పితే నీళ్లొస్తాయి. కింద పొలాలు సగం ప్లాట్లయ్యాయి. నీళ్లు వదిలితే మా ప్లాట్లు మునుగుతాయని గొడవపడేవాళ్లే తప్ప, వదలమని కట్ట మీద నిలబడేవాళ్లు లేరు. ఊపిరి బిగబట్టి కూర్చునే పిల్ల అవసరం ఎవరికీ లేదు. అది మంచిదే. నా మనవరాలికి ఆ బండ మీద కూర్చునే గతి పట్టలేదని నేను నిజంగానే సంతోషపడతాను. అయితే మా నాయిన తన ప్రాణాన్ని తొమ్మిదేళ్ల పిల్ల ఊపిరి మీద పెట్టి మునిగేవాడే, అలా ఒకరి ఊపిరి మీద ఇంకొకరు నమ్మకంతో దిగడం మాత్రం ఈనాడు నాకెక్కడా కనపడదు. ఆ నమ్మకాన్నే నేను చంపాను.

ఇటలీలో నాలుగో రోజు పొద్దున అక్క నన్ను తట్టి లేపింది. "లే సుశీలా, చెరువుకు పోదాం." ఆమె ఎండాకాలమంతా రోజూ ఆ చెరువులో ఈదుతుందని అప్పుడు తెలిసింది. కళ్లు తిరిగి పడ్డాక పెద్ద సిస్టరు ఒంటరిగా పోవద్దని కట్టడి చేసిందట. ఒడ్డున ఎవరైనా ఉంటేనే దిగాలి. "ఈ వయసుల గిదేం పిచ్చి అక్కా? నీళ్లల్ల కండ్లు తిరిగితే ఎట్ల?" అన్నాను. "తిరిగితే తిరుగుతయ్. నువ్వుంటవ్ గద" అంది. కిటికీలోని రాయి తీసి నా చేతిలో పెట్టింది. "ఇంట్ల చిన్న ఊపిరి నీదే. పట్టు."

మెట్లు, మెట్లు, మెట్లు. రొట్టెల దుకాణం ముందు ముసలాయన అక్కను చూసి చెయ్యి ఊపాడు. ఆమె మోకాళ్ల దాకా ఉన్న నీలం ఈత బట్టల మీద పాత గౌను వేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, నాకంటే చురుగ్గా దిగుతోంది. నేను గోడ పట్టుకుని వెనకాల. చెరువు ఒడ్డున పడవలు కట్టే రాతి మెట్లు నీళ్లలోకి దిగి మాయమవుతాయి. అడుగున, ఒకప్పుడు పెద్ద పడవలు కట్టిన ఇనుప కడియం ఒకటి ఉందట. రోజూ మునిగి దాన్ని ముట్టుకుని రావడం ఆమె అలవాటు. "అక్కా, వద్దు" అన్నాను. నా మాట నాకే సరిగా వినపడలేదు. ఆమె గౌను విప్పి మడిచి నా పక్కన పెట్టింది, సిలువ గుర్తు వేసుకుంది, నీళ్లలోకి జారింది. అల లేచింది. సద్దుమణిగింది.

నేను ఊపిరి బిగబట్టాను. ఈసారి నోరు, ముక్కు ఎడమచేత్తో మూసుకుని బిగబట్టాను, నామీద నాకు నమ్మకం లేక. అరవై దాటిన ఊపిరి ఎంత ఉంటుంది? గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. నీళ్లు నల్లగా ఉన్నాయి, కొండ నీడ పడి. అడుగు కనపడటం లేదు. కడియం ఎంత లోతున ఉందో అడగనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఆమె కళ్లు తిరిగితే నాకు ఈత రాదు, అరిస్తే ఇక్కడ నా భాష తెలిసినవాళ్లు లేరు. ఛాతీ పగిలిపోయేలా అయింది. మెట్టు మీద రాయి ఎత్తి కొట్టాను. ఒకటి, రెండు, మూడు. ఏమీ కాలేదు. నీళ్లు అలాగే ఉన్నాయి. మళ్లీ కొట్టాను. నాకు ఏడుపొచ్చింది. దేవుడా, నన్ను శిక్షించాలంటే ఇంకేదైనా చెయ్యి, ఇది మాత్రం వద్దని బిగ్గరగా అన్నాను.

పది గజాల అవతల అక్క తల తేలింది. తాపీగా ఈదుకుంటూ వచ్చి మెట్టు పట్టుకుని, ఆయాసపడుతూ నావైపు చూసి నవ్వింది. "ఇనబడ్డది" అంది.

నేనిక ఆపుకోలేకపోయాను. "అక్కా, ఆ దినం నేను రాయి కొట్టలే. నాయినకు అబద్దం చెప్పిన. దొంగతనంగ ఊపిరి పీల్చుకుంట కూసున్న" అని ఏడుస్తూ చెప్పేశాను. యాభై ఏళ్లు మోసిన మాట రెండు ముక్కల్లో అయిపోయింది.

"ఎరుక" అంది అక్క. "నేను మెట్ల మీదనే ఉంటి. నా చెవులు మంచిగనే ఉండె."

"మరి నాయినకు ఎందుకు చెప్పలే?"

ఆమె మెట్టెక్కి కూర్చుంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. "చెప్పేదేముంది? నాయినకు గూడ ఎరుకే. నేను మఠానికి పొయ్యే ముందు అడిగిన, నిజంగ చెవులు పోయినయా అని. 'నీళ్లల్ల చేప మెదిలినా నాకు ఇనబడ్తది, చిన్నది కొట్టలే' అన్నడు. మరెందుకు దిగుతలేవు నాయినా అంటె, 'భయమైతుంది మార్తా' అన్నడు. 'నీరటోడు భయమైతుందని ఊర్ల ఎట్ల చెప్పాలె? చిన్నది మంచి సాకు ఇచ్చింది. చెవుల మీదికి పెట్టిన' అన్నడు."

"మరి ఆ నూనె? గన్నేండ్లు నాతోని ఎందుకు పోయించుకున్నడు?"

"అదీ అడిగిన. 'పొయ్యనియ్యి. పోసినంక పిల్ల జర కుదురుగ పండుకుంటది' అన్నడు."

నాకు ఊరట కలిగిందని రాస్తే అది ఇంకో అబద్ధం. నాకు మొదట వచ్చింది కోపం. ఇద్దరికిద్దరూ తెలిసి కూడా నన్ను ఇన్నేళ్లు ఆ బండ మీదే కూర్చోబెట్టారని కోపం. ఆ మాటే అన్నాను. "అడిగితే చెప్తుంటిమి" అంది అక్క నెమ్మదిగా. "నువ్వు ఒక్కసారన్న అడగలే. అడగనోళ్లకు ఎట్ల చెప్పాలె? నాకూ భయమే, కదిలిస్తే నువ్వు ఏమైపోతవో అని." ఆమె పళ్లు చలికి టకటకమంటున్నాయి. నేను తువ్వాలు తీసి ఆమె తల తుడవడం మొదలుపెట్టాను. చెవుల వెనక, చెవుల్లో, నాయినకు తుడిచినట్టే తుడిచాను. చర్చి గంట కొట్టారు. పైన ఊళ్లో కిటికీ తలుపులు ఒకటొకటిగా తెరుచుకుంటున్నాయి.

నీళ్లలో ఎవరూ లేరు. అక్క నా పక్కనే ఉంది. అయినా రాయి ఇంకా నా చేతిలోనే ఉంది. వంగి ఆ తడిమెట్టు మీద మూడుసార్లు కొట్టాను.

అక్క తువ్వాలులోంచి తల తిప్పకుండానే అంది, "జర గట్టిగ కొట్టు. నాయిన దూరమున్నడు."